చేపల డబ్బాల బడి

ప్రింటరులోంచి వచ్చిన బయోడేటా కాగితాన్ని మరిఫే ఇంకా చేతిలోకి తీసుకోలేదు. వెనకనుంచి నవ్వు వినిపించింది.

"బరువు నలభై ఏడు కిలోలా? పాఠం చెప్పడానికి బరువెందుకమ్మాయ్? మునుగుతుందేమోనని పడవవాడు అడిగాడా?"

మరిఫే వెనక్కి తిరిగి చురచురా చూసింది. వరసలో తన వెనక నిలబడ్డ ఆవిడకు నలభై అయిదేళ్లుంటాయి. ఎండకు కమిలిన మొహం. కాళ్లకు రబ్బరు చెప్పులు. చేతిలో జిరాక్సు తీయించుకోవాల్సిన కాగితాల కట్ట.

"అందరూ అలాగే రాస్తారు ఆంటీ. మీ పని మీరు చూసుకోండి."

"నా పని నీ వెనకేగా ఉంది. నీదయితేనే నాది," అంది ఆవిడ తాపీగా.

ఫిలిప్పీన్స్‌లోని విరాక్ పట్నంలో విద్యాశాఖ ఆఫీసుకు ఎదురుగా ఉంటుంది ఆ జిరాక్సు కొట్టు. టీచరు పోస్టుల దరఖాస్తులకు ఆ సాయంత్రం అయిదింటితో గడువు ఆఖరు. కొట్టు నిండా జనం.

మరిఫే టీచరు పరీక్ష పాసై రెండేళ్లయింది. నాలుగు చోట్ల బయోడేటా ఇచ్చింది. ఒక్క చోటునుంచీ పిలుపు రాలేదు.

ఇంతలో, మరిఫే బయోడేటాకు ప్రతులు తీయకముందే కరెంటు పోయింది.

"అరగంటో, గంటో!" అన్నాడు కొట్టు యజమాని టోటోయ్, విసనకర్ర అందుకుంటూ. "దేవుణ్ణి తలుచుకోండి టీచరమ్మలూ. ఆయన దగ్గర జనరేటరుందేమో!"

వెనకున్న ఆవిడ, అడక్కుండానే, మరిఫే చేతికి రావాల్సిన కాగితం తానే తీసుకుని చదివింది.

"కష్టపడే స్వభావం. ఓర్పు. పిల్లలంటే ప్రాణం. ఎవరిది చూసి రాశావు?"

"మా స్నేహితురాలిది."

"ఆ పిల్లకు ఉద్యోగం వచ్చిందా?"

మరిఫేకు కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "రాలేదు."

"సరే. నువ్వు ఎవరికైనా ఎప్పుడైనా చదువు చెప్పావా?"

"ఉద్యోగమే లేదు, ఎవరికి చెబుతాను? కాలేజీ శిక్షణలో రెండు నెలలు, అంతే."

"పోయిన తుఫానుకు ఎక్కడున్నావు?"

"ఊరందరితోపాటు బాస్కెట్‌బాల్ షెడ్డులో. పంతొమ్మిది రోజులు."

"పిల్లలు?"

"ఒకటే గోల. పడలేక నేనే ఓ మూల కూర్చోబెట్టి చదివించేదాన్ని."

"పుస్తకాలు తడిసి ముద్దయిపోయుంటాయిగా?"

"తుఫాను సాయంగా మాకు పంచిన చేపల రేకుడబ్బాలున్నాయిగా. వాటిమీది అక్షరాలే చదివించాను."

ఆవిడ సంచిలోంచి పెన్సిలు తీసి, కాగితం తిరగేసి రాయసాగింది.

"ఎంతమంది?"

"ఇరవై ఆరుగురు."

"అసలు చదవడం రానివాళ్లు?"

"ఏడుగురు. ఇళ్లకు వెళ్లేనాటికి అయిదుగురు డబ్బా మీదున్నదంతా చదివేశారు."

"మిగతా ఇద్దరూ?"

ఆ సంగతి ఇంతవరకూ మరిఫేను ఎవరూ అడగలేదు.

"ఒకడికి చూపు ఆనదు. ముందు మొద్దనుకుని కసిరాను. తర్వాత అర్థమై వాళ్లమ్మకు చెబితే కళ్లద్దాలు పెట్టించింది. ఇంకో పిల్లకు మాత్రం… నా వల్ల కాలేదు."

"అదీ రాయి."

"కాలేదని రాయమంటారా?"

"రాస్తేనే మిగతా అయిదుగుర్ని నమ్ముతారు. నీ ఎత్తూ బరువూ కొట్టెయ్. ప్రాణం, గీణం కొట్టెయ్. ఈ ఏడుగుర్నీ అన్నిటికంటే పైన పెట్టు. ఏ బడికి పెడుతున్నావు?"

"మలిగ్నావ్ దీవి బడికి. అంత దూరం ఎవరూ వెళ్లరట. పోటీ తక్కువుంటుందని."

పెన్సిలు కాసేపు కదల్లేదు.

"అక్కడ ఉన్నది ఒకటే పోస్టు," అంది ఆవిడ.

"తెలుసు."

"అక్కడి పిల్లలు తెల్లారుజామున వలలు లాగి నేరుగా బడికొస్తారు. మొదటి గంట కునుకుతారు. తిట్టకు. ఇంటర్వ్యూలో అడిగితే, లెక్కలు రెండో గంటలో పెడతానని చెప్పు."

"మీకెలా తెలుసు ఆంటీ? మీది ఆ దీవేనా?"

"ముందు ఇది సాపు రాసుకో. కరెంటొచ్చాక వెతుక్కోనక్కర్లేదు."

నాలుగూ ఇరవైకి కరెంటొచ్చింది. జనం గల్లాపెట్టె మీద పడ్డారు. మరిఫే కంప్యూటరు ముందు కూర్చుని టైపు కొట్టింది. ఆవిడ పక్కనే నిలబడి రెండు అక్షర దోషాలు దిద్దించింది. కాగితం చేతికి రాగానే మరిఫే రోడ్డు దాటి ఒకటే పరుగు. పేరడగలేదు. వెళ్లొస్తానని కూడా చెప్పలేదు.

ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దలూ చేపల డబ్బాల గురించే అడిగారు. లెక్కలు ఎప్పుడు చెబుతావని కూడా అడిగారు.

మూడు నెలలకు మరిఫే చేతికి ఆర్డరు వచ్చింది.

అక్కడ పేరున్న పిలి గింజల మిఠాయి పొట్లం పట్టుకుని, ఆవిడ కోసం జిరాక్సు కొట్టుకు వెళ్లింది. ఆవిడ ఎవరో టోటోయ్‌కీ తెలియదు.

"రోజుకు వందమంది వస్తారు తల్లీ. మొహాలు గుర్తుపెట్టుకునే పనైతే నేను పోలీసునయ్యేవాణ్ణి," అన్నాడు. మిఠాయి మాత్రం వద్దనలేదు.

సోమవారం మరిఫే మలిగ్నావ్ దీవిలో పడవ దిగింది. హెడ్మాస్టరు డెల్ఫిన్ ఆమెను రెండో తరగతి గదికి తీసుకెళ్లాడు. గోడమీద నిరుటి పిల్లల ఫొటో ఉంది. వాళ్ల మధ్యలో ఆవిడ.

మరిఫే అక్కడే ఆగిపోయింది.

"ఈవిడ…"

"ఎడితా. పర్మనెంటు టీచరు కాదు, ఊరివాళ్లు పెట్టుకున్న మనిషి. పదకొండేళ్లు ఈ గది ఆవిడే చూసుకుంది."

"ఇప్పుడెక్కడున్నారు? నేను ఒక్కసారి కలవాలి."

"కిందటి వారమే మనీలా వెళ్లిపోయింది. ఎవరింట్లోనో వంటపనట."

"ఇన్నేళ్లుండి ఇప్పుడెందుకు వెళ్లారు సార్?"

హెడ్మాస్టరు హాజరు పట్టీ ఆమె చేతిలో పెట్టాడు.

"ఉండి మాత్రం ఏం చేస్తుందమ్మా, ఈ ఉద్యోగానికి తయారైన జాబితాలో నీ పేరు కింద, అర మార్కు తేడాతో, ఉన్నది ఆవిడే కదా!"