వెనక నుంచి వచ్చే అడుగులు

హాసినిని తిట్టినవాళ్ళలో పెద్ద చదువులవాళ్ళూ ఉన్నారు, బడి ఎగ్గొట్టినవాళ్ళూ ఉన్నారు. తిట్లలో మాత్రం తేడా ఏమీ లేదు.

ఆమె చేసిన నేరమల్లా ఒక వీడియో గేమ్‌కి పదికి నాలుగు మార్కులు వేయడం. పేరున్న జపాన్ యానిమే కార్టూన్ ఆధారంగా చేసిన కత్తియుద్ధాల గేమ్ అది. మిగతా విమర్శకులెవరూ తొమ్మిదికి తగ్గలేదు. యానిమే అభిమానులైతే దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నారు. హాసిని ఒక హైదరాబాదు వెబ్‌సైట్‌కి, ఉత్తరాదిన హిందీ మాట్లాడే ఊళ్ళో, బారిడీహ్‌లో ఇంట్లోనే కూర్చుని, ఇలాంటి గేములు ఆడి రివ్యూలు రాస్తుంది.

"శత్రువు ఏ పక్క నుంచి వచ్చి పొడుస్తాడో తెలియదు. హెచ్చరిక ఉండదు. బొమ్మలు బాగున్నాయి కానీ ఇది ఆట కాదు, అన్యాయం" అని రాసింది.

రివ్యూ కింద కామెంట్లలో ఆ గేమ్ ఆడేవాళ్ళు విరుచుకుపడ్డారు. "వెనక నుంచి అడుగుల చప్పుడు వస్తుంది కదా, చెవుల్లో దూది పెట్టుకున్నావా?" అన్నాడొకడు. "సంగీతం గురించి ఒక్క ముక్కా రాయలేదేమండీ?" అని ఒకావిడ మర్యాదగానే అడిగింది. హాసినికి ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే ఆమె గేమ్ మొత్తం సౌండ్ కట్టేసి ఆడింది.

మరేం చేస్తుంది? నాన్న బంగార్రాజు ఆదిత్యపూర్‌లో, ఇనుము కాల్చి సాగగొట్టే ఓ ఫోర్జింగ్ కార్ఖానాలో పనిచేస్తాడు. ఎప్పుడూ నైట్ షిఫ్టే అడిగి వేయించుకుంటాడు. పొద్దున్నే వచ్చి పడుకుంటాడు. ఆ ఇంట్లో పగలే అర్ధరాత్రి. అమ్మ జోగమ్మ కుక్కర్ విజిల్ మోగుతుందని అన్నం గిన్నెలోనే వండి వారుస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వచ్చి లాగేస్తుంది.

"నేను బజారెల్తే నాన్న ఫోనెవులెత్తుతారే?"

"పాపా కా ఫోన్ పాపా ఉఠాయే నా" అని, నాన్న ఫోన్ నాన్నే ఎత్తొచ్చుగా అన్నట్టు, హిందీలో గొణిగేది హాసిని.

"ఆయన పడుకోవద్దేటి?"

నాన్న ఇంకా విడ్డూరం. మధ్యలో మంచినీళ్ళకు లేచి, టీవీలో మెరుపులు చూసి, "సౌండ్ తగ్గించమ్మా" అనేవాడు. సౌండ్ అప్పటికే సున్నాలో ఉండేది. ఆ మాట చెప్పేలోగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవాడు. హాస్టల్ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు, అలసిపోయిన మనిషితో వాదనెందుకని హాసిని ఊరుకునేది. ఈమధ్య ఆయన భుజానికి కట్టు కూడా ఉంది. కార్ఖానాలో వెనక నుంచి ట్రాలీ తగిలిందట. చూసుకోలేదన్నాడు.

వెబ్‌సైట్ ఎడిటర్ యోగిత ఫోన్ చేసి అడిగితే హాసిని ఉన్నమాట ఒప్పుకుంది.

"సౌండ్ లేకుండా ఆడావని తెలిస్తే మన పరువు గంగలో కలుస్తుంది. రేపటికల్లా మళ్ళీ ఆడి, ఇంకో రివ్యూ రాయి. లేదంటే నీ చోట్లో వేరేవాళ్ళని చూసుకుంటాం."

గేములాడుకుంటే జీతమెవడిస్తాడని నవ్విన చుట్టాలంతా హాసిని కళ్ళముందు కనిపించారు. ఈ పని పోతే ఈ ఊళ్ళో ఇలాంటిది ఇంకొకటి దొరకదు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ భాలుబాసాలో పిన్నిని చూసి వస్తానని వెళ్ళింది. హాసిని నాన్న గది తలుపు దగ్గరగా వేసింది. దేవుడికి దండం పెట్టుకుని సౌండ్ కొంచెం పెంచింది.

ఎండుటాకుల మీద అడుగు పడింది. ఎడమ పక్కన, వెనక. చటుక్కున తిరిగి కత్తి ఎత్తింది. శత్రువు కూలాడు. ఇదివరకు చచ్చిన చోటల్లా ఈసారి బతికింది. అడుగుల వెనకాల సన్నగా ఓ వేణువు, ఎక్కడో ఒక తల్లి ఏడుపు. ఇంత పెద్ద లోకాన్ని అన్యాయమని రాసేసిందా? తిట్టినవాళ్ళదే న్యాయమని తెలిసి సిగ్గుతో కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఒళ్ళు మరిచిపోయి సౌండ్ ఇంకా ఇంకా పెంచుకుంటూ పోయింది.

ఆఖరి యుద్ధం ముగిసేసరికి గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు. పక్క వాటాలో ఉండే పోలరాజు. ఆయన పనిచేసేదీ నాన్న కార్ఖానాలోనే.

"ఏటమ్మా ఈ గోల? గోడవతల నేనే లేచొచ్చీసేను. మీ నాన్న ఎలా పడుకున్నాడు?" అంటూ మూసి ఉన్న గది తలుపు వైపు చూశాడు.

"సారీ అంకుల్, సారీ" అని టీవీ కట్టేసి ఆయన్ని ఎలాగో పంపించింది. రాత్రంతా ఇనుము దగ్గర నిలబడి వచ్చిన మనిషి, ఈ రణగొణ అంతా పళ్ళ బిగువున భరించి ఉంటాడు. తన రివ్యూ కోసం తండ్రి నిద్ర చెడగొట్టింది. తిట్టినా బాగుండు.

మెల్లిగా తలుపు తీసింది. నాన్న మెలకువగానే ఉన్నాడు. మంచం మీద కిటికీ వైపు తిరిగి కూర్చుని, భుజం కట్టు సర్దుకుంటున్నాడు.

"పాపా, సారీ."

ఆయన తిరగలేదు.

"గల్తీ హో గయీ పాపా. కుఛ్ తో బోలో."

తప్పయిపోయింది, ఏదో ఒకటి అనమని బతిమాలినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంత కోపం నాన్నలో ఎప్పుడూ చూడలేదు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"పాపా" అని గట్టిగా అరిచింది.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె నోరు మూసింది. అమ్మ. చేతిసంచి ఇంకా భుజానే ఉంది. పోలరాజు గోడ వైపు భయంగా చూస్తూ చెవిలో చెప్పింది.

"అరవకే, పక్కోడికి తెలిత్తే రేపట్నుండి డ్యూటీకి రానివ్వరు, మీ నాన్నకి చెవులు పోయి రెండేళ్ళవుతంది."