గోడ అవతలి గొంతు

“ఒలే, పొద్దెక్కిపోనాది! అంట్లు తోమీసినావా నేదా? నీకు సెప్పి సెప్పి నా నోరు నొప్పెడతన్నాది!”

గోడ అవతల తిట్లు మొదలయ్యాయి. గోడ ఇవతల సింధు చప్పున ఫోన్లో రికార్డింగు నొక్కి, చున్నీ నడుముకు బిగించి నిలబడింది.

గొంతు మీద పరిశోధన ఆమెది. నిలబడే తీరు, ఊపిరి, అలవాట్లు మనిషి గొంతును ఎలా మలుస్తాయో తన ఒంటి మీదే ప్రయోగం చేసి చూసుకోవాలి. ఆమదాలవలసలో అద్దెకు దిగిన మర్నాడే ఇంత మంచి గొంతు దొరికినందుకు పొంగిపోయింది.

మోకాళ్లు కొంచెం వంచింది. నడుం మీద చెయ్యేసింది. “ఒలే!” అంది. పొట్టలోంచే వచ్చింది గానీ ఆ జీర రాలేదు. అవతల మాటలు పళ్ల మధ్య నలిగి వస్తున్నాయి. ఎక్కడో విన్నట్టుంది. వాళ్ల అమ్మమ్మ గుర్తొచ్చింది. అడ్డపొగ! చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని మాట్లాడే ఆడవాళ్ల గొంతది.

ఒక చుట్ట కొనుక్కొచ్చి, వెలిగించకుండా పళ్ల మధ్య పెట్టుకుంది. ఈసారి అచ్చు దిగిపోయింది.

డెబ్బై దాటిన మనిషి. జాలి చుక్కైనా లేదు. గొంతు విని ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నందుకు తనను తానే మెచ్చుకుంది.

ఆ ఇంటి కోడలు ధనలక్ష్మి కుళాయి దగ్గర తలొంచుకుని కనిపించేది. కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. అత్తకు ఆమె ఎదురు చెప్పిన మాట ఒక్కటీ వినపడలేదు. “ఎందుకు పడతారండీ?” అని సింధుకు నోటిదాకా వచ్చేది. అడిగితే తిట్లు ఆగిపోతాయేమోనని మింగేసేది.

విజయనగరం సెమినారులో ఆ తిట్లు తిట్టి చూపించింది. హాలంతా పగలబడి నవ్వి చప్పట్లు కొట్టింది. అప్పుడు గుర్తొచ్చాయి ఆ ఎర్రటి కళ్లు. సిగ్గుతో సింధు ఒళ్లు చచ్చిపోయింది. ఒకామె ఏడుపు అమ్ముకున్నాననిపించింది. తిరుగు రైల్లో దారి పొడుగునా అదే ఆలోచన.

మర్నాడు తిట్లు మొదలవగానే వెళ్లి తలుపు కొట్టింది. తిట్లు ఠక్కున ఆగాయి. ధనలక్ష్మి తలుపు తీసింది.

“నన్ను క్షమించక్కా. మీ అత్తగారి తిట్లు దొంగచాటుగా రికార్డు చేశాను. నీ బాధ తెలిసీ నోరు మెదపలేదు. ఆవిడతో ఇవాళ నేనే మాట్లాడతాను.”

ధనలక్ష్మి తలుపు బార్లా తెరిచింది. “ఆయమ్మతో నువ్వేటి మాటాడతావమ్మా? రా, సూడు,” అని పక్కకు తప్పుకుంది.

లోపల మంచం మీద అత్త జగ్గమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

కొంగు చాటు నుంచి చుట్ట బయటికి తీస్తూ ధనలక్ష్మి అంది: “‘నీ నోరు పడిపోను’ అని కోపంలో ఓపాలి అనీసినానమ్మా, అన్నట్టే పడిపోనాది, అప్పట్నుంచీ ఆయమ్మ గొంతుతో నన్ను నానే తిట్టుకుంటన్నాను.”