అత్తగారి చేప

అందరి అత్తగార్లూ కూరలో ఉప్పు చూస్తారు. ఈ అత్తగారు వాక్యంలో కామా చూస్తారు.

ఆవిడ ఇంగ్లీషు ప్రొఫెసరు. పగలు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి, ఇంటికొచ్చి తెలుగులో కవితలూ నవలలూ రాస్తారు. మధ్యలో తీరిక దొరికితే కోడల్ని దిద్దుతారు. ఫ్రిజ్ మీద అంటించిన సరుకుల చీటీలో అక్షరం తప్పినా ఎర్ర సిరాతో చుట్టి, పక్కన సరైన మాట రాసేవారు. "పాలు అయిపోయాయ్" అని కోడలు మెసేజ్ పెడితే "అయిపోయాయి" అని జవాబొచ్చేది. పాలు మాత్రం వచ్చేవి కావు.

ఒకసారి కోడలు ముచ్చటపడి చిన్న కథ రాసి చూపించింది. అత్తగారు దాన్ని చదివి, టీకి వచ్చిన కాలేజీ వాళ్ళ ముందే తిరిగిచ్చారు.

"నీ పేరొక్కటే తప్పుల్లేకుండా రాశావమ్మాయ్."

అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వి, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

అయినా అత్తగారి రాతలన్నీ టైపు చేసేది ఆమే. ఆవిడకి కంప్యూటరంటే పడదు. పైగా ఆ చేతిరాత కోడలికి తప్ప దేవుడికి కూడా అర్థం కాదు. టైపైన ప్రతి పేజీనీ అత్తగారు మళ్ళీ దిద్దాకే అచ్చుకి వెళ్ళేది.

ఒక్క పుస్తకం తప్ప. ఆ కవితలు పంపాల్సిన వారమే ఆవిడకి కంటి ఆపరేషనైంది. కట్టుతో పడుకుని, "టైపు చేసి నువ్వే పంపించెయ్. నువ్వు చూస్తే చాలు" అన్నారు. పెళ్ళయ్యాక ఆవిడ నోట కోడలు విన్న మొదటి మెప్పు అది.

పుస్తకం వచ్చింది. "మా అమ్మ పరిచిన చాప మీదే నాకిప్పటికీ నిద్ర" అని అత్తగారు రాసిన చోట దీర్ఘం పోయి ఏత్వం పడింది. చాప కాస్తా చేపయింది.

మా అమ్మ పరిచిన చేప మీదే నాకిప్పటికీ నిద్ర.

ఆ పూట కోడలికి ముద్ద దిగలేదు. "టైపు చేసేటప్పుడు వేలు జారుంటుంది, వదిలెయ్. అమ్మ కవితలు మనం తప్ప ఎవరు చదువుతారు?" అని భర్త ఓదార్చాడు.

చదివారు. ఒక విమర్శకుడు ఆ చేపలో చేజారిన బాల్యాన్ని చూశాడు. ఇంకొకాయన కన్నీటి సముద్రాన్ని చూశాడు. చాపని మాత్రం ఎవరూ చూడలేదు. కవిత పాఠ్యపుస్తకంలోకెక్కింది. దాని మీద ఎవరో డాక్టరేట్ కూడా కొట్టారు. అంతవరకూ బంధువులకి పంచడానికే పనికొచ్చిన అత్తగారి నవలలు మళ్ళీ మళ్ళీ అచ్చయ్యాయి. సన్మానం చేసిన ప్రతివాళ్ళూ ఒక చేపనిచ్చి పంపారు. ఇత్తడి చేప, గాజు చేప, చెక్క చేప. హాల్లో అద్దాల బీరువా నిండిపోయింది. వాటి దుమ్ము తుడిచేది కోడలే. ఒక్కొక్కటీ గుడ్లప్పగించి ఆమెనే చూసేది.

అన్నిటికీ ఎర్ర సిరా తీసే అత్తగారు ఆ అక్షరం గురించి మాత్రం ఏనాడూ నోరెత్తలేదు. తిట్టినా బాగుండేది. పైగా అప్పట్నుంచి కోడల్ని దిద్దడమే మానేశారు. అది కోడలి గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు పెద్ద అవార్డే వచ్చింది. రేపు సభ. అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి ప్రసంగం చెబుతున్నారు. కోడలు టైపు చేస్తోంది.

"కొట్టమ్మాయ్. నాకు పేరు తెచ్చిన ఆ మాట నేను రాసింది కాదు. నేను రాసింది చాప."

కోడలి వేళ్ళు ఆగాయి. "ఇప్పుడవన్నీ ఎందుకత్తయ్యా? అవార్డు వెనక్కి తీసుకున్నా తీసుకుంటారు."

"తీసుకోనీ. ఇన్నాళ్ళూ నీ పొరపాటుని నా ప్రతిభ అని చెప్పుకు తిరిగాను. క్లాసులో పిల్లలడిగితే సిగ్గు లేకుండా దానికి అర్థం కూడా చెప్పాను. ఇంక నిన్ను దిద్దే మొహం నాకెక్కడిది? అందుకే ఆ ఎర్ర పెన్ను పారేశాను."

"వద్దత్తయ్యా. నా మాట వినండి."

"నువ్వే విను. నిన్ను వేదిక మీదకి పిలుస్తాను, మంచి చీర కట్టుకో. ఊఁ, కొట్టు. ఆ చేప నా కోడలి అమాయకమైన పొరపాటు."

'ఆ చేప నా కోడలి' దాకా కొట్టింది. తర్వాతి మాట దగ్గర ఆగిపోయింది. తెర మీద గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. బీరువాలో చేపలన్నీ ఇటే చూస్తున్నాయి.

"ఏం, 'అమాయకమైన' రాయడం రావట్లేదా?" అత్తగారు చాలా ఏళ్ళకి మళ్ళీ ఆ పాత నవ్వు నవ్వారు.

"రావట్లేదత్తయ్యా," అంది కోడలు, మీటల మీంచి చేతులు తీసేసి. "ఆ రోజు నా వేలు జారలేదు, మీ కళ్ళకి కట్టుందని తెలిసే, నలుగురూ మిమ్మల్ని చూసి నవ్వాలని కావాలనే కొట్టాను, తప్పు నాదే."