పగలంతా తాళమే

"ఎంతమంది ఉంటారు?" ఖాళీ హాల్లో తలుపు గొళ్లెం పరీక్షగా చూస్తున్న ఆయన, తల తిప్పకుండానే అడిగాడు.

ఆమె అద్దె ఇల్లు చూడటానికి వచ్చింది. నాలుగిళ్లవాళ్లు ఉన్నమాట విని వద్దన్నారు. ఇప్పుడున్న ఇల్లు నెలాఖరుకి వదలాలి. ఈసారి ఇంటివాళ్లకి ఏది నచ్చుతుందో అదే చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చింది.

"ఇద్దరమేనండి."

"చుట్టాలూ పక్కాలూ?"

"అబ్బే! మా గడప తొక్కేవాళ్లే లేరు."

"ఉద్యోగాలా?"

"ఇద్దరికీనండి. పొద్దున్నే తాళం వేస్తే మళ్లీ చీకటి పడ్డాకే తీయడం."

"కుక్కా?"

"నాకసలు కుక్కంటేనే భయం."

"పక్కవాళ్లతో గొడవలు పెట్టుకోరు కదా?"

"పక్కవాటాలో ఎవరుంటారో కూడా తెలీదండి మాకు."

ఆయన మొహం విప్పారింది. "సామాను ఎక్కువా? దించేటప్పుడు గోడలన్నీ గీకేస్తారు."

"ఒక బీరువా, టీవీ. అంతే."

"మీలాంటివాళ్లే కావాలమ్మా నాకు. ఇప్పుడెక్కడుంటున్నారు?"

చెప్పింది. వీధి, నీలం గేటు, మేడ మీద వాటాతో సహా.

"ఇక్కడే ఉండండి. ఇప్పుడే వస్తా." సంచీ భుజాన వేసుకుని చకచకా మెట్లు దిగిపోయాడు.

కాసేపటికి తాళంచెవుల గుత్తితో ఒక పెద్దావిడ ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో! తాళం పగలగొట్టి మరీ లోపలికొచ్చావేంటమ్మా?"

"నేను కాదండి! ఓనరుగారే ఇందాక..."

"ఓనర్ని నేను!"

ఆమె జరిగిందంతా గబగబా చెప్పింది.

"కొంప ముంచుకున్నావు కదే తల్లీ! పగలు ఎవరూ ఉండరని దొంగకే చెప్తావా? పరుగెత్తు!"

ఆమె ఫోన్ తీసింది. ఇప్పుడు నిజం బయటపెడితే ఈ ఇల్లూ దక్కదు. కానీ తప్పదు.

"ఏవండీ, లేవండి. సంచీ తగిలించుకుని ఒకడు మనింటికే వస్తున్నాడు. దొంగ."

పెద్దావిడ నోరు తెరిచింది. "ఇంట్లో మీ ఆయనున్నాడా?"

"రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటారండి."

"ఒక్కడేనా? పాపం, ఆయనేం చేయగలడే!"

"పోలీసండి." ఆమె తల వంచుకుంది. "ఆ మాట వింటే ఎవరూ ఇల్లివ్వట్లేదని..."

పెద్దావిడ విరిగిన తాళం వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసింది.

"ఎప్పుడు దిగుతారమ్మా?"