ఎర్ర గీతల సీసా

"అన్నా, ఒకడు ఒక్కడే తిరుగుతున్నడు. పైలం!"

ఫోన్ చేసినవాడు దశరథం. అతనికి కోరుట్లలో కల్లు దుకాణం ఉంది. బుచ్చన్నది సిరిసిల్లలో.

"ఎవడు?"

"ఎక్సైజు సారే అనుకుంట. తెల్లంగి, జేబుల పెన్ను. పొద్దుగాల జగిత్యాలల రెండు దుకాణాలు చూసిండట. ఒక్క గుటక నోట్లె పోసుకుంటడు, తల ఊపుతడు, లేచి పోతడు. నా దగ్గెర సుత గంతే. చేతిల శాంపిల్ సీసా ఉన్నది. దానికి కొలత గీతలు సుత ఉన్నయ్."

"నువ్వేం పోసినవ్?"

"చెట్టు మీదికెళ్లి దించిందే పోసిన. నేనేమన్న పిచ్చోన్నా?"

బుచ్చన్న ఫోన్ పెట్టేసి, దుకాణంలో పనిచేసే రాములును కేకేశాడు.

మత్తుపొడి డబ్బా బియ్యం బస్తాలోకి పోయింది. పొడి కలిపిన కల్లు మోరీలోకి పోయింది. పొద్దున దించిన ఈతకల్లు కుండ ముందుకొచ్చింది.

బుచ్చన్న మీద ఇదివరకే ఒక కేసుంది. ఈసారి దొరికితే దుకాణమూ పోతుంది, తనూ జైలుకు పోతాడు.

మధ్యాహ్నం అతను రానే వచ్చాడు. బల్ల చివర ఒదిగి కూర్చున్నాడు.

"దండం సారూ."

"నేను సారును కాదన్నా."

వాళ్లంతా అట్లాగే అంటారని బుచ్చన్నకు తెలుసు.

రాములు గ్లాసు నింపాడు. అతను ఒక్క గుటక తాగి కళ్లు మూసుకున్నాడు.

"ఇది ఉత్త చెట్టుకల్లు."

"అవ్ సారూ! నీళ్లచుక్క సుత కలువది."

"రోజూ పోసేది లేదా?"

"గిదే రోజూ పోసేది."

రాములు అటు తిరిగి, నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని నవ్వాడు.

అతను గొంతు తగ్గించాడు.

"పొడి కలిపింది కావాలన్నా. ఎక్కువద్దు. గీ కింది గీత దాక పొయ్యి, సాలు."

బల్ల మీద ప్లాస్టిక్ సీసా పెట్టాడు. దాని మీద గోళ్లరంగుతో అడ్డంగా గీసిన ఎర్ర గీతలు.

బుచ్చన్న సీసాను వేలితో వెనక్కి నెట్టాడు.

"రామరామ! పొడి అంటే ఏందో మాకెరుకనే లేదు."

"నీకు దండం పెడ్త అన్నా. ఇంట్ల..."

"నేనే నీకు దండం పెడ్త సారూ! పిల్లలు గల్లోన్ని."

ఇద్దరూ ఒకరికొకరు చేతులు జోడించుకుని నిలబడ్డారు.

చివరికి అతనే చేతులు దించాడు. సీసా మరిచి వెళ్లిపోయాడు.

"గండం తప్పింది!" అన్నాడు రాములు.

"ఏం తప్పుడురా? గా సీసా చూడు. దీని వంకతోని రాత్రికి మందినేసుకొని మల్లస్తడు."

బుచ్చన్న సీసాలో కింది గీత దాకా మంచి కల్లు పోసి, బండి తీశాడు.

బస్టాండులో అతను సిమెంటు బెంచీ మీద ఉన్నాడు. ఒళ్లో ఫోన్. జగిత్యాల బస్సు ఎదుటి నుంచే కదిలిపోతున్నా లేవలేదు. చాయ్ అమ్మే రషీదాబీ నీళ్ల గ్లాసు పట్టుకుని అతని ముందు నిలబడి ఉంది.

"ఒక్క గుటక తాగు భాయ్," అంటోంది.

"సారూ, సీసా మరిచిన్రు," అన్నాడు బుచ్చన్న.

అతను సీసా వైపు చూశాడు.

"ఇంక దాంతోని పనిలేదన్నా. ఇప్పుడే బిడ్డ ఫోన్ చేసింది."

"ఏమైంది సారూ?"

"సారును కాదంటి గదా. నా పేరు యోహాను. బీర్పూర్ల కూలికి పోత. ఊరు గాని ఊర్ల మర్యాదగ మాట్లాడుతరని ఆదివారం ప్రార్థనకేసుకునే అంగి ఏసుకొచ్చిన."

రషీదాబీ గ్లాసు అతని పెదవులకు ఆనించింది. అతను తాగలేకపోయాడు.

"మా తాన దుకాణం మొన్న మూసిన్రు. మా ఇంటామె నర్సక్కకు గా పొడికల్లు లేక ఫిట్సచ్చినయ్. దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే పాణం పోయిందట."

బుచ్చన్న బెంచీ మీద అతని పక్కన కూర్చున్నాడు. కళ్ల ముందు బియ్యం బస్తా కనిపించింది.

"నువ్వు మంచి కల్లే పోసినవన్నా," అన్నాడు యోహాను. "నిన్నేమంట?"

బుచ్చన్న సీసాను ఇద్దరి మధ్య బెంచీ మీద పెట్టాడు.

"మరి... గీ గీతలేంది యోహానన్నా?"

యోహాను సీసా మీద వేలు పెట్టి, పై గీత నుంచి మెల్లగా కిందికి జరిపాడు.

"ఒక్కసారే బందు పెడితే పాణం మీదికస్తదని డాక్టర్ జెప్పిండు. అందుకే వారానికో గీత తగ్గిచ్చుకుంట నర్సక్కకు మాన్పిస్తున్నన్నా... గిదే ఆఖరి గీత."