బోయీల క్షేమం

"ఈ వారం బోయీలెంతమంది పోయారండీ?"

కాలవ ఆఫీసు అరుగు కింద నిలబడి గంగయ్య అడిగాడు. వారపత్రిక పైకి చదువుతున్న గుమాస్తా ఏసుపాదం గారు కళ్లజోడు సర్దుకున్నారు. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఆ ఆఫీసులోనే బంట్రోతుగా ఉన్న బుల్లియ్యకి, తండ్రి వాలకం చూసి తల కొట్టేసినట్టయింది.

"బోయీలు కాదు నాన్నా, బోయర్లు. వాళ్లూ తెల్లవాళ్లే. ఆఫ్రికాలో మన దొరలతో యుద్ధం చేస్తున్నారు. మనకేం సంబంధం?"

ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో! గంగయ్య తలాడిస్తాడు, మళ్లీ పత్రిక రాగానే అదే ప్రశ్నతో దిగబడతాడు. తాతల నాటి నుంచీ పల్లకీలు మోసిన ఇల్లు కదా, ఆ పేరు చెవిన పడేసరికి ముసలాడికి చుట్టరికం పుట్టుకొచ్చిందని కొవ్వూరంతా చెప్పుకుంటోంది. అసలు తప్పు గుమాస్తాదే. మొదట్లో ఆయన ఫిరంగులూ, గుర్రాలూ, దెబ్బతిన్న సోల్జర్లని మోసుకొచ్చే డోలీలూ అన్నీ రాగం తీసి చదివారు. అటుగా పోతున్న గంగయ్య ఆ రోజే ఆగాడు. అప్పట్నుంచి ఒక్క వారం తప్పలేదు.

ఇంట్లోవాళ్లు మాత్రం గంగయ్యకి పట్టరు. పెద్దకొడుకు తాతబ్బాయి ఓడెక్కి రంగూను పోయి ఏళ్లు గడిచాయి. వాడి పేరు ఎత్తితే గంగయ్య లేచి వెళ్లిపోతాడు. తల్లి రత్తమ్మ, కాకినాడకి రంగూను స్టీమరు వచ్చిందని విన్నప్పుడల్లా గుమ్మంలో కూర్చునేది. "రంగూనెంత దూరమే, వస్తాళ్లే" అని ఒక్క మాట అనేసి గంగయ్య చుట్ట ముట్టించుకునేవాడు. ఆమె నిరుడే పోయింది. అలాంటి మనిషికి ఆఫ్రికాలో చచ్చినవాళ్ల లెక్కలు కావలసొచ్చాయి! బుల్లియ్యకి ఒళ్లు మండిపోయేది.

శత్రువుల యోగక్షేమాలు అడుగుతున్నాడని ఆఫీసు దొరకి తెలిస్తే నీ బంట్రోతు బిళ్ల ఊడుతుందోయ్ అని గుమాస్తా హెచ్చరించారు. బుల్లియ్య తండ్రిని బతిమాలాడు. ఇక అడగనని గంగయ్య ఒప్పుకున్నాడు.

మార్చిలో, బోయర్లు చుట్టుముట్టిన లేడీస్మిత్ పట్నాన్ని విడిపించారని తంతి వచ్చింది. దొర మురిసిపోయి అందరికీ ఆత్రేయపురం పూతరేకులు పంచిపెట్టించాడు. గంగయ్య తన పూతరేకు నోట పెట్టలేదు. తిన్నగా దొర ముందుకెళ్లాడు.

"బోయీలంతా బతికే ఉన్నారా దొరా?"

దొర అర్థంకాక గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా, రాణిగారు చల్లగా ఉండాలంటున్నాడని ఇంగ్లీషులో చెప్పేశారు. దొర నవ్వి తలూపాడు. బుల్లియ్య తండ్రి రెక్క పట్టుకుని గోదావరి గట్టుదాకా లాక్కొచ్చాడు.

"నా ఉద్యోగం ఊడగొట్టేదాకా నిద్రపట్టదా నీకు? వాళ్లు బోయీలు కాదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"తెల్లోళ్ల సంగతి నాకెందుకురా? డోలీలు మోసేవోళ్లని అడుగుతున్నాను."

"వాళ్లు ఇక్కణ్ణుంచి ఓడెక్కి ఆఫ్రికాలో నేటాలు చెరకు తోటల్లోకి పోయిన కూలీలంట. వాళ్ల గురించి ఇంత ఆరాటమేంటి? అన్నయ్య రంగూన్లో ఉన్నాడో పోయాడో ఒక్కనాడైనా ఎవర్నైనా అడిగావా? అమ్మ కళ్లు కాయలు కాసేలా చూసి చూసి పోయింది."

గంగయ్య పిడికిట్లో పూతరేకు పొడిపొడైపోయింది. దూరమంటే మీ అమ్మ తట్టుకోలేదని అలా చెప్పాను అన్నాడు, కొడుకు మొహం చూడకుండా.

"వాడెక్కింది నేటాలు ఓడరా."