కట్టయ్య సేఠ్ కొలను

ఆటో లోపలికి రాకుండా గేటుకు అడ్డంగా నిలబడ్డాడు కట్టయ్య. ఒక చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని, రెండో చేత్తో ఆటోవాణ్ణి వెనక్కి పొమ్మని సైగ చేస్తున్నాడు.

“అక్కా, నువ్వు ఫికర్ చెయ్యకు. రేపటి వాన మొక్కుకు ఏం తక్కువైనా సీదా మా ఇంటికి రా. కట్టయ్య ఉండంగ ఊరికి తక్కువెందుకైతది?” అని ఫోన్ పెట్టేశాడు.

ఊరి మీద ప్రేమ పొంగి అన్న మాట కాదది. కేసముద్రం పక్క ఊళ్ళో అక్క యాకమ్మ చూసే పత్తి చేను ఆయనదే. ఆరుద్ర కార్తె దాటిపోతున్నా చినుకు లేక మొలకలు మాడిపోతున్నాయి. పత్తి రాకపోతే వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ‘సేఠ్’ అని పిలిచే నోళ్ళే మళ్ళీ ‘కట్టిగా’ అని పిలుస్తాయని ఆయన భయం.

ఆటోలో ఉన్నది కూతురు దీప్తి. ఆమె కాళ్ళ దగ్గర బురద కారుతున్న గోనెసంచులు. పక్షులు, తూనీగలు, కప్పలు వచ్చి బతికే నీటిగుంట ఒకటి కొత్త ఇంటి ముందు కావాలని ఆ పిల్ల అడిగింది. గుంట అనగానే కట్టయ్య కళ్ళకు ఫౌంటెన్ కనబడింది. వెంటనే తవ్వించాడు. ఇవాళ అందులో మొక్కలు పెట్టాలి.

“ఏందది?” అన్నాడు మొదటి సంచి చూసి.

“తుంగ, బాపూ. నీళ్ళ అంచుకు పెడితే...”

“తుంగనా! చేన్ల తుంగ పీకతందుకు కూలోళ్ళు దొరకక జనం ఏడుస్తాండ్రు. నువ్వు ఆటో కట్టుకొని తెస్తానవా?”

“ఇవి కలువ దుంపలు.”

“గా కలువలు రాత్రి పూస్తయి. నా ఇంటికి వచ్చెటోళ్ళు పగటీలి వస్తరు.”

“ఇది జమ్ము. దీంట్ల పిట్టలు గూడు కడతయి.”

“కట్టి, నా కారు మీద రెట్టలేస్తయి. ఆ సంచిల?”

“పొన్నగంటి. గట్టు మీదికి.”

“శభాష్! సేఠ్ ఇంటి ముంగట కూర మడి!”

అంతలో తుంగ మోపులోంచి ఒక కప్ప ఎగిరి ఆయన తెల్లటి చెప్పు మీద పడింది. సేఠ్ గారు కేక పెట్టి గేటు ఎక్కినంత పని చేశారు.

“చూసినవా బాపూ, మొక్కలు నాటక ముందే కప్పలు వచ్చినయి!” దీప్తి సంబరంగా అంది. “రెండున్నయి. ఖిలా వరంగల్ దిక్కు మడుగుల తుంగ తవ్వుతాంటే మోపుల జొచ్చినయట. యాకమ్మ అత్తమ్మకు ఫొటో గూడ పంపిన.”

“చదువుకున్న పిల్లవు, కప్పలను సాకుతానవా? కాలనీల నా ఇజ్జత్ ఏం గావాలె?” అని ఆటోవాడి వైపు తిరిగాడు. “అన్నీ తీసుకపోయి పెద్ద మురికి మోరీల పారబొయ్యి.”

“బాపూ, ఒక్క తుంగ మోపన్న ఉంచు. కప్పలకు నీడ ఉంటది.”

“నీడ కావాల్నంటే వాటికి గొడుగు కొనిస్త తియ్యి.”

ఆటో వెళ్ళిపోయింది. దీప్తికి ఏడుపొచ్చింది. ఆయన పట్టించుకోలేదు.

మధ్యాహ్నానికల్లా సేఠ్ అభిరుచి మేరకు కొలను తయారైంది. నీళ్ళలో బ్లీచింగ్ పౌడర్, పైన గులాబీ రంగు ప్లాస్టిక్ తామరలు, గట్టున పచ్చరంగు సిమెంటు కప్ప. స్విచ్ వేస్తే దాని నోట్లోంచి నీళ్ళు చిమ్ముతాయి. తినదు, అరవదు, చెప్పు మీద పడదు. కప్ప అంటే ఇట్లా ఉండాలని ఆయన ఉద్దేశం. పక్కన నిలబడి ఫొటో దిగి మార్కెట్ గ్రూపులో పెట్టుకున్నాడు కూడా.

అప్పుడు గేటు తోసుకుని యాకమ్మ వచ్చింది. చంకలో మూతకు చిల్లులు పొడిచిన డబ్బా.

“రా అక్కా రా! మొక్కుకు ఏం తక్కువైంది? బియ్యమా? బెల్లమా?”

యాకమ్మ కొలను చుట్టూ తిరిగింది. ఒక ప్లాస్టిక్ ఆకు ఎత్తి కిందికి చూసి వదిలేసింది.

“ఒక్క పురుగు గూడ కనవడది. బాత్రూం లెక్క పెట్టిన,” అన్నాడు కట్టయ్య గర్వంగా.

“తుంగ ఏదిరా? పిల్ల పొద్దుగాల ఫొటో పంపింది గదా?”

“ఆ గలీజంత మోరీల పారబోయించిన.”

యాకమ్మ గట్టు మీద కూలబడింది. “రేపు మొక్కంటే కప్పతల్లి ఆట గాదురా? రోకలికి కప్పను కట్టి, ఇల్లిల్లు తిరిగి, బిందెలతోని నీళ్ళు పోయించుకోవాలె. పట్నం వచ్చి అదిగూడ మర్చినవా? చెరువెండి ఊర్ల కప్పన్నది లేదు. మా తమ్ముని ఇంట్ల రెండున్నయని అందరికీ చెప్పి బస్సెక్కిన!”

కట్టయ్య వెంటనే ఆటోవాడికి ఫోన్ చేశాడు.

“మోరీల పడంగనే దుంకి పోయినయి సేఠ్. మీరే గదా పారబొయ్యమన్నరు?” అన్నాడు వాడు.

కట్టయ్య డబ్బా లాక్కుని ఉరికాడు. ఎనుమాముల సేఠ్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి మోరీలో దిగి కప్పల కోసం వంగి వంగి వెతుకుతుంటే కాలనీ అంతా బాల్కనీల్లోకి వచ్చి చూసింది. ఉన్న ఇజ్జత్ అక్కడే పోయింది, కప్ప మాత్రం దొరకలేదు. ఒళ్ళంతా కంపుతో, ఖాళీ డబ్బాతో తిరిగి వచ్చాడు.

“ఇప్పుడెట్ల బిడ్డా? పొద్దుగాల ఊరంత ఎదురుచూస్తది. నా పత్తి ఎండిపోతాంది. జర నువ్వన్న ఏదైనా చెప్పు,” అని కూతుర్ని బతిమాలాడు.

దీప్తి కొలను దగ్గరికి నడిచింది. గట్టున ఉన్న సిమెంటు కప్పను పైపుతో సహా ఊడబెరికి తెచ్చి తండ్రి చేతుల్లో పెట్టింది.

“రోకలికి దీన్ని కట్టు బాపూ. వాన కోసం దేవుణ్ణి మొక్కుడు గూడ అవసరం లేదు, స్విచ్ వేస్తే దీని నోట్లకెల్లే పడ్తది.”